పలాసలో రెండు సర్వర్లు, రెండు లెక్కలు: ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ క్లస్టర్ కేసు

పలాస–కాశీబుగ్గ అని చెప్పినంత మాత్రాన ఫ్యాక్టరీ ఏదో ఎవరూ పట్టుకోలేరు. అక్కడ ఏ సందులోకి వెళ్లినా జీడిపిక్కల వాసనే. అందుకే ఊరి పేరు దాచడం లేదు. మిగతా గుర్తులు తీసేశాను, అంకెలు కొన్ని కొద్దిగా మార్చాను.

నేపథ్యం

ఫ్యాక్టరీకి రెండు భవనాలు. రోడ్డు వైపు ఆఫీసు, గ్రేడింగు, ప్యాకింగు. వెనక కొబ్బరి చెట్లు దాటి వెళ్తే కటింగు, బోర్మా (పప్పును వేడితో ఆరబెట్టే గది), పీలింగు షెడ్డు. సీజన్లో పీలింగు షెడ్డులో వందకు పైగా ఆడవాళ్లు కూర్చుంటారు. వాళ్లకు రోజుకూలి కాదు, తొక్క తీసిన పప్పుకు కిలోల లెక్కన కూలి. గుండుకు ఒక రేటు, బద్దకు ఒక రేటు. కాటా మీద పళ్లెం పెట్టగానే బరువు కంప్యూటర్లోకి వెళ్తుంది, చీటీ ప్రింటై చేతికొస్తుంది. శనివారం ఆ చీటీల మొత్తమే జీతం.

ఆ లెక్కంతా ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఉంటుంది. దానికి రెండు సర్వర్లు: ఒకటి ఆఫీసులో, ఒకటి షెడ్డు పక్క గదిలో. ఒకటి పోతే రెండోది పని అందుకునేలా కలిపిన ఇలాంటి జోడీనే క్లస్టర్ అంటారు. వేరే వేరే భవనాల్లో పెట్టడానికి కారణం తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఈ ఆఫీసు పైరేకులు లేచిపోయి, అప్పటికి ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు లెక్కలతో సహా తడిసిపోయింది. ఆ తర్వాత ఓనరు గారు పట్టుబట్టి రెండు చోట్ల రెండు సర్వర్లు పెట్టించారు. ఆలోచనలో తప్పేమీ లేదు.

అమర్చింది నేను కాదు. నాకు ముందున్నవాళ్లు సెంటాస్ 7 అనే లినక్స్ మీద పేస్‌మేకర్, కోరోసింక్, డీఆర్‌బీడీ పెట్టి వెళ్లారు. ఈ మూడింటితో పరిచయం లేనివాళ్లకు రెండు ముక్కలు. కోరోసింక్ పని రెండు సర్వర్ల మధ్య ‘ఉన్నావా’, ‘ఉన్నాను’ అనే పలకరింపు ఆగకుండా చూడటం. ఆ పలకరింపును బట్టి ఏ సర్వీసు ఎక్కడ నడవాలో పేస్‌మేకర్ తేలుస్తుంది. డీఆర్‌బీడీ ఒక డిస్కు మీద రాసిన ప్రతి బ్లాకునూ నెట్‌వర్కు మీదుగా రెండో డిస్కు మీదా రాస్తుంది. దాన్ని ప్రోటోకాల్ సీలో నడిపితే, రెండు చోట్లా పడ్డాకే రాయడం పూర్తయిందని చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ ఎప్పుడూ ఒక్కచోటే నడవాలి. అది ఎక్కడ నడిస్తే వర్చువల్ ఐపీ, అంటే ఏ ఒక్క యంత్రానికీ కట్టేయని నెట్‌వర్కు అడ్రసు, అక్కడికి వెళ్తుంది. కౌంటర్లకు తెలిసింది ఆ ఐపీ ఒక్కటే.

సమస్య

గొడవ ఒక శనివారం జీతాల దగ్గర మొదలైంది. ఇరవై మూడు చీటీలు లెక్కలో లేవు. అన్నీ మంగళవారం సాయంత్రంవే. చేతిలో కాగితం ఉంది, కంప్యూటర్లో లేదు. పీలింగు మేస్త్రి గట్టి మనిషి. గుమస్తా బల్ల ముందు నిలబడి, “మొన్న మావోళ్లు తూపించిన పప్పు ఏటైపోనాది బాబూ? మీ కంపూటరు తినీసిందేటి?” అని అడిగిందట. సోమవారం ఇంకో వింత. మాయమైన మంగళవారం చీటీలు తిరిగొచ్చాయి, బుధవారం నుంచి శనివారం దాకా ఉన్న చీటీలన్నీ పోయాయి.

పాస్‌వర్డు ఉన్నది గుమస్తా దగ్గరే. ఓనరు గారికి అనుమానం అతని మీదికే పోయింది. నాకు ఫోను చేసినప్పుడు, “మాస్టారూ, ఎవరు చెరిపారో మీరు పట్టుకోవాలి” అన్నారు. ఎవరు అని ముందే అనేసుకున్నారు, ఏం జరిగింది అని కాదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి వెళ్తున్నంతసేపూ నేనూ అదే ధోరణిలో ఉన్నాను. ఎవరో పొరపాటున పాత బ్యాకప్ ఎక్కించి ఉంటారనుకున్నాను. ఆ తప్పు నాది.

వెళ్లగానే తూకం కౌంటర్లు ఆపించాను. కారణం ఏమైనా కానీ, కొత్త చీటీ పడే కొద్దీ చిక్కు ముదురుతుంది. కాగితం మీద రాసుకోమన్నాను. తర్వాత పోస్ట్‌గ్రెస్ లాగు, అంటే జరిగినదంతా అది రాసుకునే ఫైలు, చూశాను. బ్యాకప్ ఎక్కించిన జాడ లేదు. అప్పుడు డీఆర్‌బీడీ స్థితి చూస్తే రెండు సర్వర్ల మీదా ఒకటే మాట: స్టాండ్ ఎలోన్. అంటే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడటం మానేశాయి. రెంటికీ తమ డేటాయే సరైనదని నమ్మకం. కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగులో స్ప్లిట్ బ్రెయిన్, అంటే ఒకే డేటా రెండు దారులుగా చీలిపోవడం, దొరికిందనీ, పరిష్కారం కాక కనెక్షన్ వదిలేస్తున్నాననీ డీఆర్‌బీడీ రాసిన లైను ఉంది. దాని తేదీ మంగళవారం సాయంత్రం.

ఇక మిగతాది దానంతట అదే విడిపోయింది. రెండు భవనాల మధ్య ఒకటే ఫైబరు. దాని రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబరును మామూలు నెట్‌వర్కు తీగతో కలిపే చిన్న పెట్టెలు. సర్వర్లకూ స్విచ్చులకూ యూపీఎస్ ఉంది. షెడ్డులో ఉన్న కన్వర్టరు అడాప్టరు మాత్రం గోడ బోర్డుకు గుచ్చి ఉంది. కరెంటు పోయి, వాచ్‌మన్ జనరేటరు వేసే దాకా ఆ పెట్టె ఆరిపోతుంది. అటు సర్వరు బతికే ఉంది, ఇటు సర్వరు బతికే ఉంది. మధ్యలో పలకరింపు మాత్రం లేదు. కోరోసింక్ 2లో టోకెన్ గడువు, అంటే పలకరింపు అందక ఎంతసేపు ఆగాలన్నది, మామూలుగా 1000 మిల్లీసెకన్లు. ఒక్క సెకను దాటగానే ఎవరికి వారు అవతలివాడు పోయాడనుకున్నారు. షెడ్డు సర్వరు డేటాబేసు లేపి, ఐపీ కూడా ఎత్తుకుంది. షెడ్డు కౌంటర్లకు తేడా తెలియదు, వాటికి ఐపీ అందుతూనే ఉంది. ఆఫీసు వాళ్లకూ తెలియదు.

జనరేటరు వచ్చాక పేస్‌మేకర్ ఒకటే సర్వీసు రెండు చోట్ల ఉందని చూసి, ఆఫీసులో ఉంచి షెడ్డులో ఆపింది. ఆ కొన్ని నిమిషాల ఇరవై మూడు చీటీలు షెడ్డు డిస్కులో ఉండిపోయాయి. డీఆర్‌బీడీ తెగిపోయిన సంగతి ఎవరూ చూడలేదు, చూడమని ఎవరికీ చెప్పలేదు. బుధవారం నుంచి లెక్కంతా ఆఫీసు డిస్కులోనే పడింది. ఆదివారం యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి ఆఫీసు సర్వరు ఆపారు. షెడ్డు సర్వరు తన బాధ్యత తాను తీసుకుంది, మంగళవారం నాటి లెక్కతో.

ఓనరు గారికి దీన్ని ఆయన భాషలోనే చెప్పాను. గుండు బద్దలైతే రెండు బద్దలూ పప్పే, రెండూ తినొచ్చు, కానీ అతికించి గుండు రేటుకు అమ్మలేం. ఆయన కాసేపు మాట్లాడలేదు. గుమస్తాను లోపలికి పిలిచి కూర్చోమన్నారు. క్షమాపణ లాంటిదేమీ వినపడలేదు, టీ మాత్రం తెప్పించారు.

లెక్కలు కలపడం

ఇలాంటప్పుడు డాక్యుమెంటేషన్ చెప్పే దారి చిన్నదే: ఒక వైపును ఓడినవాడిగా ఎంచుకుని, దాని డేటా పారేసి, గెలిచినవాడి నుంచి మళ్లీ సింక్ చేయడం. రెండు కమాండ్ల పని. వెంటనే చేయలేదు. పారేసే వైపు ఇరవై మూడు మంది కూలి ఉంది. ముందు రెండు డిస్కులనూ బయటి డ్రైవులోకి పూర్తిగా కాపీ తీశాను. రాత్రి పట్టింది. ఆ తర్వాతే ఆఫీసు డేటాను గెలిపించి, షెడ్డు వైపు చీటీలను విడిగా తీసి చేత్తో చేర్చాం.

ఇక్కడ ఎదురుచూడని ముడి ఒకటి పడింది. చీటీ నంబరు డేటాబేసే వరసగా ఇస్తుంది. విడిపోయిన రెండు డేటాబేసులూ ఒకే నంబరు దగ్గర్నుంచి ముందుకు సాగాయి. కాబట్టి ఒకే నంబరుతో ఇద్దరు వేరే మనుషుల చీటీలున్నాయి. ఏది ఎవరిదో తేల్చడానికి కాగితం చీటీలు కావాలి. పడేసి ఉంటారనుకున్నాను. మేస్త్రి బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. రబ్బరు బ్యాండ్లతో రోజుకో కట్ట. ఆ డబ్బా లేకపోతే ఈ కేసు వేరేగా ముగిసేది. తర్వాత చీటీ నంబరులో కౌంటరు గుర్తు, తేదీ కూడా కలిపించాను.

ఏం ప్రయత్నించాం, ఏది తేలిపోయింది

మొదట చేసింది టోకెన్ గడువును పది సెకన్లకు పెంచడం. చిన్న చిన్న కరెంటు కోతలకు తట్టుకుంటుందని లెక్క. అది నిజానికి లెక్క కాదు, తొందర. వాచ్‌మన్ జనరేటరు వేయడానికి రాత్రిపూట నాలుగు నిమిషాలు పట్టింది. మళ్లీ అదే విడాకులు. ఈసారి డీఆర్‌బీడీ తెగితే నా ఫోనుకు మెసేజి వచ్చేలా చిన్న స్క్రిప్టు పెట్టి ఉండటంతో పొద్దున్నకల్లా సర్దాం. గడువు పెంచితే విడిపోవడం ఆలస్యమవుతుంది, అంతే.

కన్వర్టర్లకు చిన్న యూపీఎస్ పెట్టించాను. అది ఎలాగూ చేయాల్సిన పనే. కానీ దాంతో సరిపెట్టుకోలేదు. ఈసారి పోయింది అడాప్టరు. రేపు స్విచ్చు పోతుంది, ఎల్లుండి ఫైబరు తెగుతుంది. మధ్య దారి తెగినా లెక్క చెడకూడదు అన్నదే అసలు ప్రశ్న.

డీఆర్‌బీడీలో స్ప్లిట్ బ్రెయిన్‌ను తనంతట తానే పరిష్కరించుకునే సెట్టింగులున్నాయి. ఏ వైపు ఏమీ రాయలేదో దాన్ని వదిలేయడం వరకు నాకు అభ్యంతరం లేదు. ‘తర్వాత లేచిన వైపును పారేయ్’, ‘తక్కువ మార్పులున్న వైపును పారేయ్’ లాంటివి మాత్రం వద్దన్నాను. తక్కువ మార్పులంటే ఇరవై మూడు చీటీలు.

తర్వాతది ఫెన్సింగ్, అంటే పలకని సర్వరు డేటాను ముట్టకుండా కట్టడి చేయడం. పేస్‌మేకర్లో ఆ పని చేసే స్టోనిత్‌ను ముందున్నవాళ్లు ఆపేసి పెట్టారు. ఆ పొట్టి పేరును విప్పి చెబితే అర్థం ‘పక్క నోడు నెత్తిన కాల్చు’ అని. నోడంటే క్లస్టర్లోని ఒక్కో సర్వరు. అవతలివాడు పలకకపోతే, పోయాడని అనుకోవడం కాదు, వాడి కరెంటు తీసి, పోయాడని తేల్చుకున్నాకే సర్వీసు ఎత్తుకో అని దాని సూత్రం. రెండు నోడ్ల క్లస్టర్లో ఇది మరీ అవసరం. రెండు నోడ్ల సెట్టింగు పెడితే ఒక్క ఓటు మిగిలినా కోరం (సర్వీసు నడపడానికి కావాల్సినన్ని ఓట్లు) ఉన్నట్టే లెక్క, అంటే విడిపోయిన ఇద్దరికీ మెజారిటీ ఉన్నట్టే. టెస్టుల్లో అడ్డమొస్తుందని స్టోనిత్ ఆపేసి, తర్వాత మర్చిపోయిన క్లస్టర్లు చాలా చూశాను. ఇక్కడా అదే జరిగి ఉంటుంది.

సర్వర్లలో ఐపీఎంఐ, అంటే దూరం నుంచి సర్వరును ఆపి లేపగల విడి చిప్పు, ఉంది కాబట్టి దాంతో ఫెన్సింగ్ పెట్టాను. డీఆర్‌బీడీకి కూడా చెప్పాను: అవతలివాడి సంగతి తేలేదాకా రాయడం నిలిపేయ్. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు కాల్చుకోకుండా ఒక వైపు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాను. ఆదివారం టెస్టులో ఆఫీసు సర్వరు కరెంటు తీగలు పీకేశాను. షెడ్డు లేవలేదు. ఐపీఎంఐ చిప్పు బతికేది ఆ సర్వరు కరెంటుతోనే. సర్వరుకు కరెంటే లేకపోతే ‘ఆపేశాను’ అని జవాబిచ్చేవాడెవడు? జవాబు రాలేదు కాబట్టి షెడ్డు ఎదురుచూస్తూ కూర్చుంది. పద్ధతి ప్రకారం అది చేసింది సరైనదే. మనకు మాత్రం సర్వీసు లేదు.

దీన్ని ఎలా దాటాలా అని ఆలోచిస్తుండగానే, ఆ వారంలోనే గాలికి కొబ్బరి మట్ట విరిగి ఫైబరు మీద పడింది. ఫైబరు తెగింది. ఐపీఎంఐ దారి కూడా ఆ ఫైబరే. ఎవరినీ ఎవరూ కాల్చలేరు. ఆఫీసులో రాయడం నిలిచిపోయింది, షెడ్డు లేవలేదు. గంటన్నర పాటు మొత్తం ఆగిపోయింది. “ఇంత ఖర్చు పెట్టింది నిలబడిపోవడానికా మాస్టారూ?” అని ఓనరు గారు అడిగారు. ఒక్క చీటీ కూడా పోలేదని చెప్పాను. నిజమే, కానీ ఆ నిజం ఆ గంటన్నరలో ఎవరికీ చల్లగా తగల్లేదు, నాతో సహా.

ఆ రోజు ఆయనకు ఇంకో మాట కూడా చెప్పాను: క్లస్టర్ తీసేసి ఒకటే సర్వరు, మంచి బ్యాకప్పు, పక్కన సిద్ధంగా ఇంకో యంత్రం పెట్టుకోవచ్చు, మార్చాల్సి వస్తే మనిషి చేత్తో మారుస్తాడు. నన్నడిగితే క్లస్టర్ కావాలని వచ్చే చిన్న సంస్థల్లో సగం మందికి అదే చాలు. ఇక్కడ ఆయన ఒప్పుకోలేదు, ఆయన కారణం బలమైనదే. అంతకు ముందు సీజన్లో పవర్ సప్లై కాలిపోతే విశాఖపట్నం నుంచి వచ్చేసరికి రెండు రోజులైంది. రాత్రి షిఫ్టులో సర్వరు మార్చగల మనిషి ఫ్యాక్టరీలో లేడు.

ఏది నిలబడింది

ఇద్దరి తగవు తీర్చడానికి మూడోవాడు కావాలి. ఆ మూడోవాడికి డేటా అక్కర్లేదు, ఓటుంటే చాలు. కోరోసింక్‌లో దానికి క్యూడివైస్ ఉంది. మూడో యంత్రం మీద క్యూనెట్‌డీ అనే చిన్న సర్వీసు నడుస్తుంది. క్లస్టర్ సరిగ్గా సగానికి విడిపోతే ఎఫ్ఎఫ్‌స్ప్లిట్ పద్ధతిలో అది ఒక్క సగానికే ఓటేస్తుంది.

ఎక్కడ పెట్టాలి అన్నదాని మీదే ఎక్కువ ఆలోచించాను. క్లౌడ్‌లో పెట్టడం తేలిక. కానీ తుపాను వస్తే ముందు పోయేది ఇంటర్నెట్టు, ఓటు కావాల్సిందీ అప్పుడే. ఆఫీసు భవనంలో పెడితే ఆఫీసు పోయిన రోజు ఓటూ పోతుంది. చివరికి గేటు దగ్గర, పిక్కల లారీలను తూచే వేబ్రిడ్జి గదిలో పెట్టాం. పాత చిన్న పీసీ, సొంత యూపీఎస్. గేటు నుంచి షెడ్డుకు ఈసారి నేలలో పైపు వేసి కొత్త ఫైబరు, గేటు నుంచి ఆఫీసుకు వేరే తీగ. దీంతో దారులు త్రికోణమయ్యాయి. కోరోసింక్ 3లో రెండు లింకులు పెట్టుకోవచ్చు కాబట్టి, పాత ఫైబరు తెగినా పలకరింపు గేటు మీదుగా తిరిగి వెళ్తుంది. నిజానికి రోజువారీ ఇబ్బందుల్లో ఎక్కువ భాగాన్ని తీర్చింది ఈ రెండో దారే. ఓటు అవసరం పడేది రెండు దారులూ పోయినప్పుడో, ఒక భవనం మొత్తం పోయినప్పుడో.

ఇక ఫెన్సింగ్. ఐపీఎంఐ బదులు ఎస్‌బీడీ అనే ఫెన్సింగ్ సర్వీసును డిస్కు లేకుండా, వాచ్‌డాగ్‌తో పెట్టాను. ఇక్కడ తుపాకీ అవతలివాడి చేతిలో ఉండదు. ప్రతి నోడూ తన బోర్డు మీదున్న వాచ్‌డాగ్ టైమరును తట్టుతూ ఉంటుంది. కోరం పోయిందా, తట్టడం ఆపేస్తుంది, హార్డ్‌వేరే దాన్ని రీసెట్ చేస్తుంది. కోరం ఉన్నవాడు అంతసేపూ ఆగి, అవతలివాడు ఖాయంగా పడిపోయి ఉంటాడని అప్పుడు సర్వీసు ఎత్తుకుంటాడు. నెట్‌వర్కు లేకపోయినా, కరెంటే లేకపోయినా ఇది పని చేస్తుంది. ఓటు లేని ఉత్త రెండు నోడ్ల క్లస్టర్లో ఈ పద్ధతి పనికిరాదు. విడిపోయిన ఇద్దరికీ కోరం ఉంటే ఎవరూ పడిపోరు.

ఒక మడత పేచీ నాకు అరరోజు తినేసింది. ఎస్‌బీడీ వాచ్‌డాగ్ గడువు మామూలుగా 5 సెకన్లు. క్యూడివైస్ సింక్ గడువు 30 సెకన్లు. ఓటు ఎవరికో తేలేలోపే వాచ్‌డాగ్ కాటేస్తుంది. కాబట్టి వాచ్‌డాగ్ గడువు 30 దాటాలి. 35 పెట్టాను. పేస్‌మేకర్ అవతలివాడు పడిపోయాడని అనుకోవడానికి ఆగే గడువు దానికి రెట్టింపు పైన ఉండాలి. 80 పెట్టాను. అంటే ఒక సర్వరు పోతే సర్వీసు తిరిగి లేవడానికి నిమిషంన్నర. ఓనరు గారికి ముందే చెప్పి ఒప్పించాను. నిమిషంన్నర ఆగితే పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడతారు, అంతే కదా అన్నారు ఆయనే.

ఇదంతా పాత సెంటాస్ మీద అతుకులేయలేదు. 2020 డిసెంబరులో సెంటాస్ 8 గడువును 2021 చివరికి కుదించినప్పుడే చాలామందికి ఆ దారి మూసుకుపోయింది. సెంటాస్ 7 గడువు కూడా 2024 జూన్ 30తో ముగిసింది. డెబియన్ 12 అనే ఇంకో లినక్స్ మీద కొత్తగా కట్టాం. కోరోసింక్, పేస్‌మేకర్, ఎస్‌బీడీ, క్యూనెట్‌డీ అన్నీ దాని సొంత రెపోలోనే, అంటే ప్యాకేజీల గోదాములోనే, దొరుకుతాయి. డీఆర్‌బీడీ మాడ్యూల్ దాని కర్నెల్‌లోనే ఉంది, బయటి రెపోల వెంట పడక్కర్లేదు. నా తర్వాత వచ్చేవాడికి అది మేలు. డీఆర్‌బీడీకి ఫెన్స్ పీర్ హ్యాండ్లరు కూడా పెట్టాను. డేటా వెనకబడిన నోడు లేవకుండా అది పేస్‌మేకర్లో ఒక అడ్డు రాస్తుంది. మళ్లీ సింక్ పూర్తయ్యాకే ఆ అడ్డు తొలుగుతుంది. ఆ ఆదివారం పాత లెక్క లేవడానికి దారిచ్చింది ఈ అడ్డు లేకపోవడమే.

టెస్టులు

మూడు ఆదివారాలు. పాత ఫైబరు పీకడం, రెండు ఫైబర్లూ పీకడం, ఒక్కో సర్వరుకు కరెంటు తీయడం, గేటు పీసీని ఆపడం. అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. కర్నెల్‌ను కావాలని పడగొట్టిన టెస్టులో మాత్రం ఆఫీసు సర్వరు రీసెట్ కాకుండా అలాగే కొయ్యబారి కూర్చుంది. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ మాడ్యూల్ లోడ్ కాలేదు. దాని బదులు సాఫ్ట్‌డాగ్ లోడై ఉంది. అది కర్నెల్ లోపలి టైమరే, కర్నెల్ పోతే అదీ పోతుంది. కాపలా కుక్క దొంగతో పాటే పడుకున్నట్టు. పడిపోయిన కర్నెల్ ఏమీ రాయదు కాబట్టి ఆ టెస్టులో నష్టమేమీ జరగలేదు. కానీ సగం చచ్చి సగం బతికి, కాసేపటికి లేచి రాయడం మొదలుపెట్టే సర్వరైతే? మాడ్యూల్ సరిచేసి, ఆ టెస్టు వరసగా ఐదుసార్లు చేశాను.

రెండు సర్వర్ల గడియారాల్లో మూడు నిమిషాల తేడా ఉందని కూడా అప్పుడే తేలింది. లాగులు పక్కపక్కన పెట్టి చదువుతుంటే జవాబు ప్రశ్న కంటే ముందు వచ్చినట్టు కనిపించేది. గడియారాలను కలిపి ఉంచే క్రోనీ పెట్టాక పోయింది.

తర్వాత

ఆ తర్వాత వర్షాకాలంలో షెడ్డు వైపు ఎర్తింగు చెడి, పాత ఫైబరు కన్వర్టరూ స్విచ్చూ ఒకేసారి కాలిపోయాయి. స్విచ్చు పోతే గేటు దారి కూడా పోయినట్టే. ఆ వారం డేటాబేసు నడుస్తున్నది షెడ్డులోనే. షెడ్డు సర్వరు తనకు తాను రీసెట్ అయింది, ఆఫీసు లేచింది. వాచ్‌మన్ కంగారుగా ఫోను చేశాడు, “సర్వరు దానంతటదే ఆరిపోయి మళ్లీ ఎలిగింది బాబూ” అని. అది పాడు కాదు, అది దాని పని అని నచ్చజెప్పడానికి డేటాబేసు మారిన దానికంటే ఎక్కువ సేపు పట్టింది. షెడ్డు కౌంటర్లకు కొత్త స్విచ్చు పెట్టేదాకా, సాయంత్రం వరకు, తూకాలు కాగితం మీదే రాశారు.

మిగిలిన పనులు రెండున్నాయి. గేటు పీసీ ఒక్కటే ఓటు. అది పోయిన రోజు సర్వర్లు రెండూ కలిసి ఉన్నంతవరకు ఫరవాలేదు, అది లేనప్పుడే ఒక సర్వరు పోతే రెండోదీ ఆగిపోతుంది. అది ఆరితే నాకు మెసేజి వచ్చేలా పెట్టాను, ఇంకో పీసీ కొని అల్మారాలో ఉంచమన్నాను, ఇంకా కొనలేదు. రెండోది, బ్యాకప్పు కాపీ ఒకటి శ్రీకాకుళం టౌన్లో ఓనరు గారి ఇంటికి రోజూ వెళ్లాలి. డీఆర్‌బీడీ బ్యాకప్పు కాదు, ఎవరైనా చెరిపేస్తే రెండు చోట్లా అంతే శ్రద్ధగా చెరుపుతుంది. ఆ పని సగమైంది. కాగితం చీటీలు ఇక మానేద్దామా, రోలు ఖర్చు మిగులుతుంది అని ఆఫీసులో ఒకరు అన్నప్పుడు, నేను నోరు తెరిచేలోపే ఓనరు గారే వద్దన్నారు.